తుంచకుండా వదిలేసిన ఆకులు

2023. ఐర్లండ్‌లో నేవన్ పట్టణానికి ఇరవై నిమిషాల దూరంలో, ఏటవాలు నేల మీద రెండెకరాల ద్రాక్షతోట. కార్లో కాలేజీలో హార్టికల్చర్ పీజీ అయ్యాక నాకు దొరికిన ఉద్యోగం అక్కడే. యజమాని మోరా, డెబ్బై ఏళ్ల రిటైర్డ్ టీచరు. అంతకుముందు రెండేళ్లూ పంట సరిగ్గా రాలేదు. ఈసారీ అంతే అయితే తీగలు పీకించి నేలను గొర్రెల మేతకు ఇచ్చేస్తానని నేను పనిలో చేరిన రోజే చెప్పింది.

ద్రాక్ష నాకు కొత్త కాదు. మేడ్చల్ దగ్గర మా పందిళ్ల కింద పెరిగినదాన్ని. ఆ గర్వమే కొంప ముంచింది. ఇలాంటి చలి ప్రాంతాల్లో పూత అయిపోగానే లీఫ్ రిమూవల్ చేస్తారు, అంటే గుత్తుల చుట్టూ ఆకులు తుంచేస్తారు, గాలి తగిలి తడి ఆరాలని. మా వైపు ఆ ఆకులే గుత్తికి గొడుగు. తీస్తే కాయ మాడిపోతుంది. ఆ జూన్‌లో ఇక్కడివాళ్లే ఆశ్చర్యపోయేంత ఎండ కాసింది. ఆకులు ఉంచుదామని మోరాకు గట్టిగా చెప్పాను. నీకే బాగా తెలుసు, గ్రాండ్, అని ఊరుకుంది. ఇక్కడ గ్రాండ్ అంటే సరే అని.

జులై అంతా వాన. అప్పుడైనా తుంచాల్సింది, కానీ నా మాట నేనే వెనక్కి తీసుకోవడం నామోషీ అనిపించింది. సెప్టెంబరులో ఉక్క పట్టుకుంది. ఒక సోమవారం పొద్దున కింది వరుసలో ఆకులు జరిపి గుత్తిని పట్టుకుంటే వేలికి మెత్తగా తగిలింది. లోపల బూడిదరంగు నూగు. బొట్రైటిస్, గుత్తిని నడిమి నుంచి కుళ్లబెట్టే బూజు. పక్క తీగ చూశాను, అక్కడా ఉంది. మూడోది చూసే ధైర్యం రాలేదు.

కుళ్లినవి కోసి, సంచిలో కుక్కి, కారు డిక్కీలో దాచాను. సాయంత్రం మోరా టీ ఇస్తూ పంట ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను. మంగళవారమూ అదే అబద్ధం. ఆవిడ గేటు దగ్గర కనిపిస్తే చాలు, పై వరుసల్లోకి తప్పుకునేదాన్ని. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, నిజం విన్నాక ఆవిడ మొహం చూడాలన్న భయమే ఎక్కువ.

ఆ సాయంత్రం డిక్కీ తెరిచిన మా ఆయన ప్రభాకర్ వాసనకు వెనక్కి తగ్గాడు. అంతా విన్నాక ఒకటే అన్నాడు: "రేపు పొద్దుగాల్నే పోయి చెప్పు. నువ్వు దాస్తె ఆగుతదా అది?"

బుధవారం చెప్పాను. మోరా వంటింటి ప్రెస్ తెరిచి, అల్మరాను ఇక్కడ అలాగే అంటారు, రెండు కత్తెరలు తీసింది.

"ఎప్పుడు చూశావు?"

సోమవారం అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. వాన మొదలైంది.

"సోమవారం, మంగళవారం పొడిగా ఉన్నాయి. గాలి కూడా ఉంది," అంది.

నాలుగు రోజులు ఇద్దరం వానలోనే తడి ఆకులు తుంచాం, కుళ్లినవి కోశాం. గాలి బాగా ఆడే పై వరుసలు దక్కాయి. కింది ఆరు వరుసల్లో ఒక్క గుత్తీ మిగల్లేదు. మోరా తోట మొత్తం తీసేయలేదు గానీ ఆ ఆరు వరుసలూ పీకించింది. ఆ పని నేనే చేశాను.

ఆకుల విషయంలో నాది మొదట తెలియక, తర్వాత నామోషీ కొద్దీ చేసిన తప్పు. దానికి నన్ను నేను క్షమించుకున్నాను. ఆ రెండు పొడి రోజులకు మాత్రం క్షమించుకోలేను. ఇప్పుడు ఒక్క కాయ మీద మచ్చ కనబడినా, మట్టి మరకో కాదో కూడా చూడకుండా ముందు మోరాకు ఫోన్ చేస్తాను. ఆవిడ ప్రతిసారీ వస్తుంది. నేను చెప్పిందంతా ఓపిగ్గా వింటుంది. తర్వాత ఆ వరుస మొత్తం ఈ చివర నుంచి ఆ చివర దాకా తనే నడిచి చూసుకుంటుంది.