స్విచ్చుకు బొట్టు పెట్టిన రోజు

మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో కొత్తగా చేరాను. ఆయుధపూజ రోజు, కిటికీ కూడా లేని నెట్‌వర్క్ గదిని తుడిచి, కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టెకు గంధం, కుంకుమ పెట్టాను. దాని పక్కనే ఒక వైరు కొస వేలాడుతోంది. పూజనాడు అలా ఉంటే ఏం బాగుంటుందని, పెట్టెలో ఖాళీగా ఉన్న రంధ్రంలో గుచ్చేశాను. వెంటనే దాని మీది లైట్లన్నీ ఒక్కసారిగా టపటపా కొట్టుకున్నాయి. అమ్మవారు కరుణించిందనే అనుకున్నాను!

బయటికి పోదామని తలుపు పక్కనున్న వేలిముద్ర మిషన్ మీద వేలు పెడితే తెరుచుకోలేదు. ఆ వేలిముద్ర నాదేనని పై అంతస్తులో ఉన్న సర్వర్ కంప్యూటర్ చెబితేనే అది తెరుచుకునేది. ఫోన్‌కు సిగ్నల్ లేదు. వైఫై కూడా పోయింది.

అంతలో వాచ్‌మన్ మునెప్ప అవతలి నుంచి తలుపు బాదాడు. "అమ్మా, పైన కంప్యూటర్లన్నీ నిలిసిపోయినాయి! ల్యాబ్ రిపోర్టులు రాలేదని డాక్టరమ్మ అరుస్తాండాది. గబక్కన రా!"

"యాడ వచ్చేదప్పా! ఈడే ఇరుక్కోని ఉండాను!" నాకు ఏడుపొచ్చేసింది.

చెమటలు కక్కుతూ ఆ వైరును చేత్తో తడుముకుంటూ పోయాను. రెండో కొస కూడా అదే పెట్టెలో ఉంది! ఒక కొసలో బయటికెళ్లిన సందేశాలు రెండో కొసలోంచి మళ్లీ లోపలికే వచ్చి గానుగెద్దుల్లా తిరుగుతున్నాయి. ఆ రద్దీలో నా వేలిముద్ర సర్వర్‌ దాకా పోవడానికి దారేదీ?

వైరు పీకేశాను. లైట్లు నెమ్మదించాయి. కాసేపటికి మళ్లీ వేలు పెడితే తలుపు తెరుచుకుంది.

మునెప్ప లోపలికి తొంగిచూసి, "పూజ బాగా జరిగిందామ్మా?" అన్నాడు.

ఇప్పటికీ ఏటా ఆ పెట్టెకు బొట్టు పెడతాను. వేలాడే వైరుకు మాత్రం దూరం నుంచే దండం.

– సరళ, పుంగనూరు