స్కాట్లాండ్ ఎంపీగారి ‘మనం’

నా చిన్నప్పుడు జర్మనీలోని హాంబర్గ్‌లో వాన పడని సాయంత్రం దొరికితే వీధిలోకి, పడితే గ్రంథాలయానికి పరిగెత్తేదాన్ని. ఆ ఊళ్లో వాన ఎక్కువ. కాబట్టి నా చదువంతా ఆ అలమారల మధ్యే సాగింది. కాలేజీ గడప తొక్కలేదు గానీ, పుస్తకాల దగ్గర ఎవరికీ తీసిపోనని నాకిప్పటికీ గర్వమే.

ఒకసారి స్కాట్లాండ్ నుంచి బ్రిటన్ పార్లమెంటుకు వెళ్లిన ఒక ఎంపీ జీవితచరిత్ర, జర్మన్ అనువాదం, నా చేతికి చిక్కింది. గని కార్మికుడి కొడుకట. పసితనంలోనే బొగ్గు మోశాడట. సంఘం పెట్టాడు, సమ్మె చేయించాడు, జైలుకెళ్లాడు, పార్లమెంటు మెట్లెక్కాడు. జీవితమంతా తిట్టిన ప్రభువుల సభలోనే, అదే హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోనే, ముసలితనంలో మెత్తటి కుర్చీ చూసుకున్నాడు. అది కూడా నాకప్పుడు ఘనతలాగే తోచింది. పేజీ పేజీకీ అతని ప్రసంగాలే, వాటి నిండా ‘వీర్’, అంటే ‘మనం’. మనం శ్రామికులం, మన హక్కులు అంటుంటే ఒళ్లు పులకరించింది. బడిలో అతని గురించే మాట్లాడతానని టీచరుకు చెప్పేశాను.

నాన్న ఓడ ఎక్కితే నెలల తరబడి రాడు. కాకినాడ నుంచి డాక్టరుగా వచ్చిన అమ్మ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేదాకా నేను పక్కింటి జర్మన్ తాతయ్య దగ్గర ఉండేదాన్ని. ఓపా అని పిలిచేదాన్ని. ఓడల కార్ఖానాలో రివెట్లు కొట్టిన మనిషి. నా ప్రసంగం ముందుగా ఆయనకే వినిపించాను. ఎంపీ పేరు చెవిన పడగానే ఆయన ముఖం బిగుసుకుపోయింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక హాంబర్గ్ ఓడల కార్ఖానాలను పేల్చేయాలని, అప్పుడే స్కాట్లాండ్‌లో తన నది ఒడ్డున ఓడల పనులు తమవాళ్లకు దక్కుతాయని పార్లమెంటులో పట్టుబట్టినవాళ్లలో అతనూ ఒకడట.

“పేల్చారు. ఆ చలికాలం నా పిల్లలు పశువులకు వేసే దుంపలు తిన్నారు. శ్రామికుల నేస్తమా వాడు? తీసుకుపో నీ నేస్తాన్ని! రేపటి నుంచి మీ అమ్మను ఇంకో చోటు చూసుకోమను,” అని తలుపు వేసేశాడు.

ఇంకో చోటు మాకు లేదు. అమ్మ ఉద్యోగం మానుకోవలసిందే.

నేను ఏడుస్తూ చెబితే అమ్మ, “ఏదీ, ఆ పుస్తకంలో ఒక ముక్క తెలుగులో చెప్పవే,” అంది. మనం శ్రామికులం అని మొదలుపెట్టాను.

“ఆగాగు. మనమా, మేమా?”

“వీర్ అని ఉందమ్మా.”

“వీర్ అంటే రెండూనే తల్లీ. అందులో ఓపా ఉన్నారో లేరో చూసి చెప్పు.”

మళ్లీ చదివాను. ఎక్కడ పెట్టి చూసినా ‘మేము’ అన్నదే అతికింది. వాళ్ల నది, వాళ్ల ఓడలు, వాళ్ల కూలి. అంత పెద్ద మాటలు చెప్పినవాడి బుద్ధి ఇంత ఇరుకా అని ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, ఓపా తలుపు ఓరగా తీస్తే ఆ సందులోంచే చెప్పాను. మా భాషలో ‘వీర్’కు రెండు మాటలున్నాయి, ఒకటి ఎదుటివాణ్ని కలుపుకుంటుంది, ఒకటి బయట నిలబెడుతుంది, ఆ పుస్తకం నిండా రెండోదేనని. ఆయన ‘మనం, మేం’ అని నోట్లో తిప్పుకున్నాడు.

“ఆ దొంగ మీ భాషలో మాట్లాడి ఉంటే మొదటి రోజే దొరికిపోయేవాడు,” అన్నాడు. నవ్వలేదు. తలుపు మాత్రం బార్లా తీశాడు. “మీ అమ్మను డ్యూటీకి పొమ్మను.”

పెద్దయ్యాక ఆ ఎంపీ ప్రసంగాలు మరికొన్ని తెప్పించుకుని చదివాను. మనసు ఏమాత్రం మెత్తబడలేదు. ఇప్పటికీ ఎన్నికలప్పుడు వీధి స్తంభాలకు పోస్టర్లు కడితే, ఏ పార్టీ ‘వీర్’ అన్నా ఆగి, తెలుగులోకి మార్చి చూసుకుంటాను. ‘మేము’ అని వస్తే ఆ వాక్యంలో నేను లేనట్టు. అలాంటివాళ్లకు నా ఓటు పడదు.