వెర్లీన్ ఎంచుకున్న తుపాకి

వెర్లీన్ స్టిడమ్ వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికేది. వయసు అరవైకి దగ్గర పడింది. కీళ్లవాతంతో చేతివేళ్లు అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగాయి. అమెరికాలోని ఆ కెంటకీ కొండల్లో తుపాకి లేని ఇల్లు ఉండదు. ఆమె తండ్రీ అన్నా వేటగాళ్లే. అయినా ఆమె మాత్రం దాన్ని ముట్టుకుని ఎరగదు. చిన్నప్పుడు పెరట్లో పందిని తుపాకితో కాలుస్తున్నారంటే చెవులు మూసుకుని మంచం కింద దూరేది.

ఆ వసంతంలో కూతురు డార్లా పగిలిన పెదవితో, ఒక్క సంచితో పుట్టింటికి వచ్చేసింది. మర్నాటి నుంచే అల్లుడు ట్రాయ్ ఫోన్లు.

"దాన్ని పంపిస్తావా, నన్నే వచ్చి తీసుకుపొమ్మంటావా అత్తా?"

కోర్టు అతణ్ణి ఆ ఇంటి ఛాయలకు రావద్దంది. అక్కడి పోలీసు అధికారి షెరీఫ్ ఆఫీసు మనిషి మర్యాదగానే అసలు సంగతి చెప్పాడు: "మీ లోయలోకి రావాలంటే మాకు అరగంట పడుతుందమ్మా."

ఆ అరగంట వెర్లీన్ గుండెల మీద బండలా కూర్చుంది. రోడ్డు మీద ట్రక్కు చప్పుడైతే చాలు, చేతిలో గిన్నె జారిపోయేది. చివరికి అన్న హోబర్ట్ ఆమెను బండెక్కించుకుని ఓర్విల్ కూంబ్స్ కొట్టుకు తీసుకెళ్లాడు. ఓర్విల్ తాతల కాలం నుంచీ వాళ్లది తుపాకుల వ్యాపారమే.

ఓర్విల్ ముందు ఒక పిస్తోలు చేతికిచ్చాడు. దాని పైభాగాన్ని వెనక్కి లాగితే గానీ తూటా లోపలికి ఎక్కదు. వెర్లీన్ పళ్లు బిగించి లాగింది. అది కదలలేదు. రివాల్వర్ ఇచ్చాడు. దాని ట్రిగ్గర్ నొక్కేసరికి వేలు కణుపుల్లో నిప్పు రాజుకున్నట్టయింది.

"నా తుపాకే ఇచ్చేద్దును ఓర్విల్, అది పేలితే మా చెల్లి కొండ అవతల పడుతుంది," అన్నాడు హోబర్ట్.

"నువ్వు నోరు మూసుకుంటే బేరం తెములుతుంది," అని అతని మీద కసిరి, ఓర్విల్ ఆమె వైపు తిరిగాడు. "ఏ ఇంట్లో ఉంటున్నావు తల్లీ?"

"చక్రాల మీద లాక్కొచ్చి పెట్టిన ట్రైలర్ ఇల్లు. అట్టముక్కల్లాంటి గోడలు."

"డార్లా ఎక్కడ పడుకుంటుంది?"

"నడవా చివరి గదిలో."

"అయితే ఇది విను. ఏ గుండైనా ఆ గోడలు దాటుతుంది. నువ్వు నడవాకి ఈ చివర నిలబడి కాలిస్తే ఆ చివర నీ కూతురు ఉంటుంది. ముందు ఆమెను నీ వెనక్కి తెచ్చుకో. ఆ తర్వాతే తుపాకి ఎత్తు."

అప్పటిదాకా ఆమెకు ట్రాయ్ ఒక్కడే భయం.

చివరికి రెండు గొట్టాల, చిన్న తూటాల పొట్టి షాట్‌గన్ కుదిరింది. పేలినప్పుడు పెద్దవాటిలా భుజాన్ని తన్నదు, లాగడానికి వేళ్ల బలం అక్కర్లేదు, మధ్యలో కీలు దగ్గర వంచి తూటాలు పెట్టుకోవడమే. హోబర్ట్ పశువుల కొట్టం వెనక కాల్చి చూసింది. మొదటి మోతకే ఏడ్చేసింది. భుజం కమిలిపోయింది. అన్న మాత్రం వదల్లేదు. "మళ్లీ పెట్టు. కళ్లు మూసుకోకు. వాడు వచ్చినప్పుడు కూడా కళ్లు మూసుకుంటావా?"

వాడు ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. పొయ్యి మీద బీన్స్ ఉడుకుతున్నాయి. ట్రక్కు ఆగిన తీరులోనే డార్లాకు తెలిసిపోయింది. తల్లీ కూతుళ్లు వెర్లీన్ గదిలోకి పరిగెత్తారు. డార్లా మంచం వెనక నక్కి షెరీఫ్‌కు ఫోన్ చేసింది. వెర్లీన్ ఆమెకు అడ్డంగా నిలబడి గుమ్మానికి గురిపెట్టింది.

"నా దగ్గర తుపాకి ఉంది ట్రాయ్! వెళ్లిపో!" అని అరిచింది. గొంతు పీలగా, ఎవరిదో లాగా వచ్చింది.

"నువ్వా? ఎలక బోనులో పడితేనే ఏడుస్తావు కదే!"

వీధి తలుపు విరిగింది. వంటింట్లో కుర్చీ ఎగిరిపడింది. వెర్లీన్ కాళ్ల వెంట వెచ్చగా తడి దిగింది. ట్రాయ్ గుమ్మంలోకి వచ్చి ఆగాడు. అత్త కళ్లు చూశాడు, తుపాకి గొట్టాలు చూశాడు. నవ్వు సగంలోనే పోయింది.

"అత్తా... మాట్లాడుకుందాం."

"కూర్చో. చేతులు నెత్తిన పెట్టుకో."

కూర్చున్నాడు. కాసేపటికి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడవసాగాడు. బీన్స్ మాడు వాసన ఇల్లంతా కమ్మింది. వెర్లీన్ గురి దించలేదు. పోలీసులు వచ్చి అతణ్ణి తీసుకెళ్లాక, తుపాకికి బిగుసుకుపోయిన తల్లి వేళ్లను డార్లా ఒక్కొక్కటిగా విడదీసింది.

సాయంత్రం హోబర్ట్ వచ్చి పొంగిపోయాడు. "శభాష్ చెల్లీ! ఇంక నీకేం భయం?"

వెర్లీన్ అతణ్ణి వాకిట్లోకి తీసుకెళ్లి మెల్లగా చెప్పింది. "వాడు కూర్చున్నాడన్నయ్యా. ఏడుస్తున్నాడు. అప్పుడు నా వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. భయంతో కాదు. కాల్చాలనిపించింది. ఇంకొక్క మాట అని ఉంటే..."

హోబర్ట్ లోపలికి వెళ్లి తుపాకిలోంచి తూటాలు తీసేశాడు.

ట్రాయ్‌కు జైలుశిక్ష పడింది. ఎప్పటికైనా బయటికొస్తాడు. వెర్లీన్ షాట్‌గన్‌ను తాళం వేసిన పెట్టెలో పెట్టుకుంది, అమ్మేయలేదు. వీలు దొరికినప్పుడల్లా అన్న కొట్టం వెనక్కి వెళ్లి కాల్చడం సాధన చేస్తుంది. వెళ్లే ముందు ప్రతిసారీ వాంతి చేసుకుంటుంది. నోరు కడుక్కుని, బండెక్కుతుంది.