దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బిల్డ్ అయిన ప్రాజెక్టు

పాప పుట్టాక నేను భయపడని రోజు లేదు. ఒళ్లు కాస్త వెచ్చబడితే భయం, ఎక్కువసేపు నిద్రపోతే ఇంకా భయం. టీకా తేదీ మరిచిపోతానేమోనన్న భయంలోంచి పుట్టిందే నా జావా ప్రాజెక్టు. పిల్ల పుట్టిన తేదీ ఇస్తే, ఏ టీకా ఎప్పుడు వేయించాలో లెక్కగట్టి పీడీఎఫ్ కార్డు తయారు చేస్తుంది. తేదీల లెక్కంతా నేనే రాశాను. పీడీఎఫ్ చేసే పని మాత్రం ఒక కోడ్ లైబ్రరీది. ఎవరో రాసి, ఎవరైనా వాడుకోమని ఉచితంగా వదిలేసింది. దాని పేరు, వెర్షన్ నంబరు ప్రాజెక్టులోని ఒక ఫైల్లో రాస్తే, మావెన్ అనే సాధనం నెట్ నుంచి తెచ్చి పెడుతుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చేరిన కోచింగ్ సెంటర్లో అది చక్కగా నడిచింది. సోమవారం ఒక చిన్న కంపెనీలో ఇంటర్వ్యూ. మీ లాప్‌టాప్ తెచ్చుకోండి, రాసిన కోడ్‌ని మా ముందే బిల్డ్ చేసి, నడిచే ప్రోగ్రాంగా మార్చి చూపించాలి, నెట్ ఇవ్వం అన్నారు. పాప కోసం ఉద్యోగం మానేశాక వచ్చిన మొదటి పిలుపు అది. శనివారం ప్రాజెక్టు ఫోల్డర్‌ని పెన్ డ్రైవ్‌లో వేసుకుని ఎల్బీనగర్‌లో మేముండే అద్దింటికి వచ్చేశాను.

ఆదివారం తెలంగాణ బంద్. మా ఆయన ఆఫీసు పని మీద ఊళ్లో లేడు. పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి బిల్డ్ చేస్తే తెర నిండా తప్పులే. చేసిన పొరపాటు అప్పుడు తెలిసింది. మావెన్ తెచ్చిన లైబ్రరీలు ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉండవు, ఆ కంప్యూటర్లోనే వేరే చోట ఉంటాయి. నేను మోసుకొచ్చింది ఏమేం కావాలో చెప్పే ఫైలు మాత్రమే. ఆ కావాల్సినవన్నీ తాళం పడిన సెంటర్లో ఉండిపోయాయి. ఇంట్లో నెట్ లేదు. వీధిలో నెట్ సెంటర్ల షట్టర్లన్నీ దించి ఉన్నాయి.

మూసారాంబాగ్‌లో ఉండే క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను.

"ఆ పీడీఎఫ్ లైబ్రరీ ఫైలు, ఆ జార్ ఒక్కటి నాకు ఎలాగైనా ఇవ్వవే."

"ఒక్క జార్‌తోని ఏమైతదే పిచ్చిదానా? అది ఇంకో నాలుగింటిని అడుగుతది, గవి ఇంకెన్నిటినో అడుగుతయి. పొద్దుగాల్నుంచి మా నెట్ కూడ వస్తలేదు. కానీ సెంటర్ల చేసినవన్నీ ఇంట్ల గూడ చేసిన కదా, మావెన్ తెచ్చినయన్ని నా కంప్యూటర్ల ఉన్నయి, ఆ ఫోల్డర్ మొత్తం పెన్ డ్రైవ్‌ల పట్టుకొస్త. దిల్‌సుఖ్‌నగర్ దాంక రా. లాప్‌టాప్ మర్చిపోకు."

బస్సుల్లేవు, ఆటోల్లేవు, చంకలో పాప. కింద ఇంటి ఓనరాంటీ బుట్టలోకి వంకాయలు సర్దుతోంది. వాళ్లది పోచంపల్లి. ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద వంటావార్పు, కాలనీ ఆడవాళ్లంతా వెళ్లి నడిరోడ్డు మీదే వండుకుని తినాలి. ఉద్యమం ఊపందుకున్నాక నేను ఆవిడ దగ్గర మాటలు తగ్గించాను. మాది గుంటూరు వైపు. నోరు విప్పితే తెలిసిపోతుంది. ఇల్లు ఖాళీ చేయమంటుందేమోనని లోపల గుబులు.

"దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎలా వెళ్లాలాంటీ?"

"ఎట్ల పోతరు బిడ్డా, కాళ్లతోని పోతరు. మేం పోతలేమా? పిల్లనిటియ్యి."

పాపను చంకనేసుకుని ముందు నడిచింది. వంకాయల బుట్ట, లాప్‌టాప్ సంచీ నాకు మిగిలాయి.

రోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గుండిగలు. ఎవరో నా చేతికి కత్తిపీట ఇచ్చి ఉల్లిపాయలు ముందు పోశారు. ఇంకాసిని నీళ్లు కావాలని అడిగానో లేదో, పక్కనున్న అమ్మాయి నా వైపు తిరిగింది.

"అక్కా, మీరు ఆంధ్రోళ్లా? మీక్కూడ తెలంగాణ కావాల్నా ఏంది?"

నా చెయ్యి ఆగిపోయింది. ఏం చెప్పినా తప్పే అనిపించింది. కంగారులో నిజమే బయటికొచ్చింది.

"నాకు ముందు పెన్ డ్రైవ్ కావాలమ్మా."

అందరూ ఒకటే నవ్వు. ఆంటీ పాపను ఎగరేస్తూ, "ఇయ్యుండ్రే ఎవరన్న! మనం అడిగేది ఎట్లాగు ఇస్తలేరు, గీ పిల్ల అడిగేదన్న ఇయ్యుండ్రి" అంది. నేనూ నవ్వాను, చాలా రోజుల తర్వాత.

చున్నీ తలకి కప్పుకుని, చెమటలు కక్కుతూ నా క్లాస్‌మేట్ వచ్చింది. డివైడర్ మీద కూర్చుని ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకున్నాను. ఆ ఫోల్డర్ కాపీ అవుతుంటే బ్యాటరీ తరిగిపోతోంది. బిల్డ్ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కటే తప్పు: పీడీఎఫ్ లైబ్రరీ దొరకలేదట. నా ఫైల్లో ఉన్నది కొత్త వెర్షన్, నా క్లాస్‌మేట్ తెచ్చింది పాతది.

"కొత్తదెందుకు పెట్టినవే?"

"కొత్తదైతే తప్పులు తక్కువుంటాయనుకున్నా."

"గట్లనే ఉంటవ్ నువ్వు. ఉన్నదాని నంబర్ రాయి."

నేను వాడుకున్నవన్నీ ఆ పాతదాంట్లో లేకపోతే? ఇక్కడే అంతా ఆగిపోతే రేపటి ఇంటర్వ్యూ లేనట్టే. ఉల్లిపాయ వాసన అంటిన వేలితో ఒక్క అంకె మార్చి మళ్లీ నడిపాను. అక్షరాలు వరసగా పైకి జరిగి జరిగి ఆగాయి. బిల్డ్ సక్సెస్.

పాప పుట్టిన తేదీ కొట్టి కార్డు తెరిచాను. ఆంటీ వంగి చూసింది.

"ఏమంటది మీ డబ్బా? నా బిడ్డకు సూది ఎప్పుడంట?"

"బుధవారం, ఆంటీ."

"గింత మాటకా ఇంత పరేషాన్! దవాఖానల సూదులేసేది బుధవారమే, నన్నడిగితే చెప్పకపోదునా?"

నా క్లాస్‌మేట్ పడీపడీ నవ్వింది. అప్పటికి అన్నం వడ్డిస్తున్నారు. వంకాయ కూర కారంగా ఉంది. నేను రెండోసారి కూడా వేయించుకున్నాను.

సోమవారం వాళ్ల ముందు బిల్డ్ మొదటిసారికే అయింది, ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో కొత్త లైబ్రరీ చేర్చాలంటే ఇప్పటికీ ముందు అది ఇంకేం అడుగుతుందోనని చూస్తాను. పగలంతా పాప ఆంటీ దగ్గరే. ఆ కార్డు ఒకటి ప్రింటు తీసిస్తే కేలండర్ పక్కన అంటించుకుంది. ఈ రాత్రి పాపను పడుకోబెట్టి ఇది రాయడానికి కూర్చున్నానో లేదో, కింద నుంచి కేక వినిపించింది.

"రేపు సూది ఉన్నది, యాదున్నదా బిడ్డా?"

నేనింకా నా ప్రోగ్రాంని అడగనే లేదు.