పంటు మీద తెల్ల గుర్రం

మా చిన్నప్పుడు... శనివారం పొద్దున్నే తాతయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారంటే చాలు, మా మామ్మ కళ్ళు చిన్నవయ్యేవి. ఎక్కడికని అడిగేది. ఊరికే అలా రాజోలు దాకా అనేవారాయన. ఊరికే వెళ్ళే మనిషికి ఇస్త్రీ చొక్కా ఎందుకు?

అమ్మా నాన్నా మస్కట్‌లో ఉద్యోగాలు చేసేవారు. నేను తాతయ్య, మామ్మల దగ్గర పెరిగాను. తాతయ్య రిటైరైన మాస్టారు, పైగా షుగరు మనిషి. బజార్లో చాటుగా స్వీట్లు తింటున్నారని మామ్మ అనుమానం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ చూసినప్పుడల్లా ఆయన కండువాతో మూతి తుడుచుకునేవారు కూడా...

ఇలా కాదని నన్ను వెంట పంపడం మొదలెట్టింది. చేతికో రఫ్ నోట్సు ఇచ్చింది.

"ఎక్కడ దిగేరు, ఎవరితో మాటాడేరు, నోట్లో ఏం వేసుకున్నారు... ఉన్నదున్నట్టు రాసుకురా. సొంత కవిత్వం వద్దు" అంది.

ఇప్పుడు నావి రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి కవితలు, ఒకటి ప్రయాణాలు. ఎలా మొదలుపెట్టారని ఎవరైనా అడిగితే ఏవో పెద్ద మాటలు చెబుతుంటాను. అసలు సంగతి ఇదీ... తొమ్మిదేళ్ళ వయసులో, మామ్మ పెట్టుకున్న గూఢచారిగా.

తాతయ్య స్వీటు కొట్టు వైపు పోనేలేదు. తను పనిచేసిన బళ్ళన్నీ వరసగా తిరిగేవారు. ఒక శనివారం తాటిపాక, ఇంకో శనివారం అంబాజీపేట... గేటు ముందు నిలబడి, ఏం కనిపిస్తోందో చెప్పమనేవారు. బడి అన్నాననుకోండి, ఒప్పుకునేవారు కాదు. గోడకి ఏ రంగు వేశారు, గంట ఎక్కడ కట్టారు, అరుగు మీద ఎవరు కూర్చున్నారు... అన్నీ చెప్పాలి. బస్సు బోర్డు కూడా నాచేతే చదివించేవారు. నా చదువు పరీక్షిస్తున్నారని ఒళ్ళు మండేది.

కానీ ఒకరోజు టీ కొట్టు దగ్గర, ఎదురుగా ఉన్న గ్లాసు కోసం చెయ్యి చాపి, గ్లాసు పక్కన బల్లని పట్టుకున్నారు. నేను చూశానేమోనని తల తిప్పారు. అక్కడ పట్టుకుంది నన్ను అనుమానం. మామ్మ మనవరాల్ని కదా మరి.

ఆ తర్వాతి వారం సఖినేటిపల్లి రేవుకి వెళ్ళాం. గోదావరి అవతల నరసాపురం నుంచి పంటు వస్తోంది, బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించే బల్లకట్టు. మోటారు సైకిళ్ళు, ఒక కారు, గడ్డి మోపులు, జనం... రోజూ ఉండేవే. నేను మాత్రం కావాలనే అన్నాను.

"తాతయ్యా, పంటు మీద తెల్ల గుర్రం ఉంది."

ఆయన పంటు వైపే చూశారు. చాలాసేపు చూశారు.

"కట్టేసేరా, వదిలేసేరా అమ్మా?" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. కట్టేశారని చెప్పాను.

నాకు భయం పట్టుకుంది. ప్రతి ఆదివారం మా గుడిలో, అంటే చర్చిలో, వాక్యం చదివేది తాతయ్యే. బడి వదిలేశాక ఆయనకి మిగిలిన మాస్టారి పని అదొక్కటే. కళ్ళు కనపడవని తెలిస్తే ఇంకెవరికో ఇచ్చేస్తారు. అప్పుడు గుర్తొచ్చింది... కొన్ని వారాలుగా ఆయన బైబిలు తెరిచి పట్టుకుంటున్నారు గానీ, ఎంత చదివినా పేజీ తిప్పడం లేదు.

అందుకని నోట్సులో గుర్రం సంగతి రాయలేదు. మోటారు సైకిళ్ళు, కారు, గడ్డి మోపులు అని రాసి మామ్మకిచ్చేశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఏ తప్పూ దొరక్క పక్కన పెట్టింది. గండం గడిచిందనుకున్నాను.

భోజనాల దగ్గర తాతయ్య మంచి హుషారుగా ఉన్నారు.

"ఇవాళ పంటు మీద తెల్ల గుర్రాన్ని చూసేనే. కడ్డీకి కట్టేసేరు" అన్నారు మామ్మతో.

మామ్మ నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కూర గిన్నె మీద పెట్టింది, అంతే.

మర్నాటి నుంచి మా ఇంట్లో కొత్త అలవాటు వచ్చింది. పొద్దున్నే బియ్యం చెరుగుతూ, ముందు బైబిలు తెరిచి పెట్టుకుని, వచ్చే ఆదివారం వాక్యాన్ని మామ్మ పైకి చదివేది. తన కోసమే అన్నట్టు, రోజుకి నాలుగైదుసార్లు... తాతయ్య వాలు కుర్చీలో, వినడం లేదన్నట్టు కూర్చునేవారు. విన్నది విన్నట్టు గుడిలో అప్పజెప్పే ఆయన ఆదివారాలు చాలా ఏళ్ళు తప్పలేదు.

శనివారం బయల్దేరుతుంటే మామ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఇహ నాకేం రాయొద్దు. ఆయనకి సరిగ్గా చెప్పు. లేని గుర్రాలు చెప్పకు" అంది.

నోట్సు మాత్రం వెనక్కి తీసుకోలేదు. మిగిలిన పేజీల్లోనే, ఇంటర్ చదివేటప్పుడు, ఆ గుర్రం మీద నా మొదటి కవిత రాశాను. తాతయ్యకి చదివి వినిపించాను. అంతా విని, "తోక రంగు రాయలేదేం?" అన్నారు. నవ్వుతున్నారో లేదో కండువా అడ్డం వచ్చింది.

అంటే... ఆ రోజు రేవులో గుర్రం లేదని ఆయనకి తెలుసా? తెలిసే, నా అబద్ధాన్ని ఇంటికి మోసుకొచ్చి మామ్మ ముందు పెట్టారా? నోటితో చెప్పుకోలేని మాటని అలా చెప్పుకున్నారా? ఇప్పటికీ తేలలేదు. అడుగుదామంటే ఇద్దరూ లేరు.

ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ఫోటో తీసి పంపేస్తున్నాం. గోడ రంగేమిటని అడిగేవాళ్ళు లేరు. నేను మాత్రం కొత్త ఊళ్ళో బస్సు దిగగానే ఇప్పటికీ పెదవులు కదుపుతూ పక్కవాళ్ళకి చెప్పినట్టు చెప్పుకుంటాను... పక్కన ఎవరూ ఉండరు.

మీ ఇంట్లోనూ అందరికీ తెలిసీ ఎవరూ పైకి అనని మాట ఒకటి ఉండే ఉంటుంది. కింద రాయండి. నమ్ముతానని మాటివ్వలేను గానీ, తోక రంగు మాత్రం తప్పకుండా అడుగుతాను.