ఫోరంలో పెద్దప్ప

శ్రీరంగయ్య సార్‌కున్న పిచ్చి ఒక్కటే: మనిషన్నవాడు తొంగిచూడని చోట కూర్చుని పాఠాలు చెప్పడం. కృష్ణగిరి నుంచి ఆయన నడిపే ఆన్‌లైన్ స్టాటిస్టిక్స్ కోర్సులో అరవైమంది పిల్లలు. అరవైమందీ వాట్సాప్ గ్రూపులోనే ఉంటారు. సార్ మాత్రం ఆ గడప తొక్కడు. కోర్సు సైటులో పాడుబడ్డ సత్రంలా ఫోరం అని ఒక పేజీ ఉంది. ఆయన కాపురం అక్కడే.

"గ్రూపులో ఏసిన ప్రశ్న పోచంపల్లి సంతలో తప్పిపోయిన మేకపిల్లప్పా. యాడని ఎతికేది? ఫోరంలో ఏస్తే కట్టేసిన కాడే ఉంటాది," అని ప్రతి వీడియోలోనూ చెప్పేవాడు.

జవళగిరి ఊళ్లో ఉండే విద్యార్థిని చైత్రకు ఆ మాట నిజమని తెలుసు. సగటుకూ మధ్యగతానికీ తేడా ఏమిటని గ్రూపులో ఒకసారి అడిగితే పదకొండు నవ్వు బొమ్మలు వచ్చాయి, జవాబు రాలేదు. అప్పటినుంచి నోరు కుట్టేసుకుంది. ఈసారి పరీక్ష తప్పితే చదువు మాన్పించి హోసూరులో కంపెనీ పనికి పంపుతానన్నాడు నాన్న. ఇక గతిలేక ఒక పొద్దున ఫోరం తెరిచింది.

లోపల ఒకే ఒక్క విద్యార్థి ఉన్నాడు. పేరు పెద్దప్ప. "సార్, సగటుకూ మధ్యగతానికీ తేడా ఏంది? అడిగేదానికి సిగ్గుగా ఉండాది."

"సిగ్గెందుకప్పా! బంగారం లాంటి ప్రశ్న," అని కింద సార్ మూడు పేజీల జవాబు రాశాడు.

మరుసటి వారం పాఠం మధ్యలో ఏనుగులు లైను తెంపి ఊరికి కరెంటు పోయింది. చైత్ర ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పెద్దప్ప రాశాడు: "సార్, పదిహేడో నిమిషం కాడ నా పాఠం తెగిపోయింది."

చైత్ర చేతిలోంచి ఫోను జారిపడింది. తీసి స్నేహితురాలు రేణుకు ఫోన్ చేసింది.

"మన క్లాసులో పెద్దప్ప ఎవరే?"

"ఎవురూ లేరే. లిస్టు నా కాడే ఉండాది."

"మరి ఫోరంలో..."

"అయ్యో, ఆడికి పోయినావా! యాడో చచ్చిపోయినోడంట. సార్ ఆ దయ్యానికే పాఠం చెప్తాడంట. నువ్వు బదులు పెట్టొద్దు, పట్టుకుంటాది!"

చైత్ర బదులు పెట్టలేదు కానీ చదవడం మానలేదు. కాలంచేసిన అవ్వ అంగాళమ్మ నేర్పినట్టు ఫోనుకు వేపమండ చుట్టి మరీ చదివింది. ఏ లెక్క తను తప్పితే ఆ లెక్కే తెల్లారేసరికి పెద్దప్ప అడిగేవాడు. ఒకనాడు, "ఇది తెలియనోణ్ణి నేనొక్కణ్ణే కాదు సార్, ఇంకొకరు కూడా ఈడనే ఉండారు," అని రాశాడు. చైత్ర గభాలున వెనక్కి తిరిగి చూస్తే మేక ఒక్కటే ఉంది.

పరీక్ష మాత్రం డెబ్బై మార్కులతో గట్టెక్కింది. సర్టిఫికెట్టుకు కృష్ణగిరి పోయి, గుండె చిక్కబట్టుకుని అడిగింది.

"సార్, పెద్దప్ప చచ్చిపోయి ఎన్నేండ్లయింది?"

"ఇరవై," అన్నాడాయన తాపీగా.

చైత్ర సంచిలో వేపమండ కోసం తడుముకుంది.

"పెద్దప్పంటే మా తాత పేరమ్మా. బడిలో ఒక్క ప్రశ్న అడిగితే అందరూ నగినారంట. మర్నాటి నుంచి మేకలెంట పోయినాడు. మీరు తప్పిన లెక్కలూ, వీడియో ఆగిన నిమిషమూ నాకు ఈడ కనిపిస్తాయి. మీరేమో సిగ్గుపడి అడగరు. ఆయనకు ఇంక సిగ్గేముంది? ఆయన పేరుతో నేనే అడిగినాను."

ఇన్నాళ్లూ భయపడినందుకు నవ్వూ, ఆ పిచ్చి మనిషి మీద బోలెడంత ప్రేమా చైత్రకు ఒకేసారి పుట్టుకొచ్చాయి.

కొత్త బ్యాచి మొదలైన వారానికి సార్ ఫోన్ చేశాడు.

"చైత్రా, ఫోరంలోకి ఎవరో అంగాళమ్మంట, వచ్చిందమ్మా. లిస్టులో లేదు. నేను అడగాలనుకున్న ప్రశ్న నాకంటే ముందే అడిగేసింది. పెద్దప్పకు జవాబులు కూడా చెప్తా ఉండాది!"

"భయపడొద్దు సార్," అంది చైత్ర నవ్వాపుకుంటూ. "ఫోనుకు వేపమండ కట్టుకోండి."