నాటు వేయని మూల

మా అమ్మ నాకూ తమ్ముడికీ ఎప్పుడూ వీపు చూపించలేదు. ఏలూరులో మేమున్న అద్దెయింట్లో పొయ్యి గోడవైపు ఉంటే, ఇంటివాళ్లతో పోట్లాడి మరీ గుమ్మానికి ఎదురుగా తిప్పించుకుంది. వంట చేస్తున్నంతసేపూ మేం కళ్లెదుట ఉండాలి. బస్సెక్కితే మేం ముందు సీట్లో, ఆవిడ వెనక సీట్లో. "ఏంటమ్మా నీ చాదస్తం" అని విసుక్కుంటే "నోర్ముయ్" అనేది. ఆ కోపం నాకూ వచ్చింది, వద్దన్నా వదల్లేదు.

ఇంకో కట్టడి కూడా ఉండేది. పొలంలో దిగకూడదు. "కాలు బురదలో పెట్టావంటే విరగ్గొడతాను" అనేది. పెళ్లయిన కొత్తలో నాట్ల కూలికెళ్లి, తర్వాత స్కూల్లో ఆయాగా పనిచేసి నన్ను టీచర్ని చేసిన మనిషి కదా, కూలిపని మాకొద్దని అలా అంటోందనుకున్నాను.

అమ్మ పోయిన ఏడాదికి, పన్నెండేళ్ల మా అమ్మాయి ఫోన్లో ఒక ప్రకటన చూపించింది. ఉద్యోగాలు మానేసి వచ్చిన ఒక జంట గణపవరం దాటాక ఒక పల్లెలో రెండెకరాలు మందుల్లేకుండా పండిస్తున్నారట. వానాకాలం సార్వా నాట్లకి వలంటీర్లు కావాలి, కుటుంబంతో రావచ్చు. ఊరి పేరు మళ్లీ చదివాను. అమ్మ కాపురానికి వెళ్లిన ఊరది. నేను పుట్టకముందే అమ్మా నాన్నా వదిలేసి వచ్చారు. తర్వాత చుట్టాల చావులకి కూడా ఆవిడ ఆ పొలిమేర తొక్కలేదు. ఎందుకని అడిగితే లేచి వెళ్లిపోయేది. ఆసుపత్రి మంచం మీద కూడా అడిగాను, గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడ నాకు వీపు చూపించింది ఆ ఒక్కసారే. ఆ సంగతేంటో తెలియకపోతే నాకు మనశ్శాంతి లేదు. "వెళ్దాం" అన్నాను. మావారు నమ్మలేనట్టు చూశారు.

ఆటో మమ్మల్ని గట్టు మీద దింపింది. చుట్టూ చేపల చెరువులు, వాటిలో నీళ్లు చిమ్మే ఏరేటర్ల హోరు. మధ్యలో మిగిలిన వరి ఆ రెండెకరాలే. ఆడవాళ్లు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. వాళ్లలో అందరికంటే పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, నడుం ఎత్తి చూసింది.

"వలంటీర్లటగా! పింఛను తెచ్చారేంటండీ?"

ఇంటింటికీ పింఛను పంచే గవర్నమెంటు వలంటీర్లం మేమే అన్నట్టు అందరూ ఒకటే నవ్వు. "లేదండీ, నాట్లు వేయడానికొచ్చాం. ఊరికే" అన్నారు మావారు.

"ఊరికేనా! అయ్యో ప్రభువా, మాకు లేకపోయిందే ఆ సరదా!"

నేనూ నవ్వాను గానీ లోపల చురుక్కుమంది. అమ్మ పొట్టకూటి కోసం చేసిన పని మాకు సెలవుల ముచ్చట అయింది.

మావారూ పిల్లా దిగారు. నేను దిగలేదు. అమ్మ పోయినా ఆ మాట పోలేదు, గట్టు మీద కూర్చున్నాను. "వెనక్కి నడవాలమ్మా, ముందుకొస్తే నాటింది తొక్కేస్తావు" అని పెద్దావిడ పిల్లకి చెబుతోంది. వంగిన వీపులన్నీ నెమ్మదిగా నా వైపే వస్తున్నాయి. ఒక్క మొహమూ కనపడటం లేదు. వాటిలో ఒకటి అమ్మదేమో అనిపించింది. "ఇటు తిరగవే!" అని మా అమ్మాయిని మాటిమాటికీ పిలుస్తూనే ఉన్నాను.

మధ్యాహ్నానికి నాటు గట్టు దాకా వచ్చింది. మేమంతా అన్నాలు తింటుంటే పిల్ల ముందే లేచి వెళ్లింది. గట్టు పక్కన మూలకి చాపంత చోటు ఖాళీగా ఉంటే, మర్చిపోయారనుకుని నారు తెచ్చి శ్రద్ధగా నాటేసింది. అందర్నీ పిలిచి చూపించింది. పెద్దావిడ మారు మాట్లాడకుండా దిగి, ఒక్కొక్క మొక్కా పీకడం మొదలుపెట్టింది. పిల్ల మొహం మాడిపోయింది.

నాకు ఒళ్లు మండింది. "ఏవండీ! పసిది ముచ్చటపడి వేస్తే అలా పీకేస్తారేంటండీ? తప్పయితే నోటితో చెప్పొచ్చుగా!" గట్టు మీద నుంచి అరిచాను.

ఆవిడ చేతిలో నారుతో అలాగే నిలబడిపోయి నన్ను ఎగాదిగా చూసింది.

"ఆ కేక... నువ్వు ఏలూరు వెళ్లిపోయిన దాని కూతురివి కదూ?"

తలూపాను. ఆవిడ గట్టెక్కి నా పక్కన కూర్చుంది. మా అమ్మాయికి వినపడకుండా గొంతు తగ్గించింది.

"మీ అమ్మా నేనూ పక్కపక్కన నాట్లు ఊడ్చేవాళ్లం. నీకంటే ముందు దానికో ఆడపిల్ల. పాకే వయసు. ఇదిగో, ఈ మూల గట్టు మీద గోనె పరిచి పడుకోబెట్టింది. మేం వెనక్కి నడుస్తా వస్తన్నాం. పిల్ల ఎప్పుడు లేచిందో, ఎప్పుడు నీళ్లలోకి జారిందో. మోకాలి లోతు కూడా లేవమ్మా. మీ అమ్మ వీపు ఇటుంది. వెనక్కి అడుగేస్తే కాలికి తగిలింది."

ఆవిడ చేతిలోని నారు గట్టు మీద పెట్టింది. "ఆ ఏటి నుంచి ఈ మూల మేం నాటం. ఈ కొత్తోళ్లకీ చెప్పలేదు. నీరు పోడానికి వదిలామనుకుంటన్నారు."

చెప్పొచ్చుగా అమ్మా అని ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. చాదస్తం అన్నాను నేను. ఎన్నిసార్లు అన్నానో.

మూలలో ఇంకా సగం నారు మిగిలే ఉంది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని దిగాను. బురద వెచ్చగా ఉంది. అడుగు తీసి అడుగు వేయాలంటే కాలికి ఏం తగులుతుందోనని భయం. పిల్లకి ఎదురుగా తిరిగి, వంగి పీకసాగాను.

"అమ్మా, నేను సరిగ్గానే వేశాను కదా! నువ్వు కూడా పీకేస్తున్నావేంటి?" దాని కళ్లనిండా నీళ్లు.

"సరిగ్గానే వేశావమ్మా" అన్నాను. "ఇక్కడ మీ పెద్దమ్మ ఉంది."